శ్రీకాకుళంలో మేం పెట్టిన పాత నగల ప్రదర్శన

మ్యూజియంలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా పిన్ని, "పోనీలే, దుమ్ము దులపడం నీకు అలవాటే కదా" అంది. ఆవిడ వేళాకోళానికే అన్నా, అందులో సగం నిజముంది. నా ఉద్యోగంలో దుమ్ము దులిపిన రోజులే ఎక్కువ. మిగిలిన సగం ఏమిటో కొత్తగా ఈ పనిలోకి వస్తున్న వాళ్లకు ఎవరూ చెప్పరు. శిక్షణలో తేమ గురించి చెబుతారు, చెదల గురించి, తాళాల గురించి చెబుతారు. వస్తువు వెనక మనిషి ఉంటుందని, ఒక్కోసారి ఆ మనిషి బతికే ఉండి మన ఎదురుగా వచ్చి కూర్చుంటుందని మాత్రం చెప్పరు.

నాకది తెలిసింది అరవయ్యో దశకం చివర్లో, శ్రీకాకుళంలో. వాల్తేరులో చదువు ముగించి కొత్తగా చేరాను. మా శాఖలో ఆడవాళ్లు దాదాపు లేరు. ఉత్తరాంధ్ర పాత నగలతో ప్రదర్శన పెట్టాలనుకున్నప్పుడు, ఇళ్లలో ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆడమనిషి కావాలని నన్ను పంపారు. అదే నా అర్హత. అందుకు నేను చిన్నబుచ్చుకోలేదు. ఆ అర్హత లేకపోతే ఇప్పుడు చెప్పబోయేది ఏదీ నా కళ్లతో చూసేదాన్ని కాదు.

ఒక్కసారి అడగడం

నా మొదటి పై అధికారి కూర్మారావు గారు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎండలో కూడా కోటు విప్పేవారు కాదు. తర్వాత చాలామంది దగ్గర పనిచేశాను. ఆయన కంటే ఎక్కువ చదువుకున్నవాళ్లున్నారు, పలుకుబడి ఉన్నవాళ్లున్నారు. ఆయన అంత మర్యాద తెలిసిన అధికారిని మళ్లీ చూడలేదు.

బంగారం మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టిన రోజులవి. సర్కారు జీపు వాకిట్లో ఆగి, "మీ నగలు ఓసారి చూపిస్తారా" అంటే ఎవరికి గుండె జారదు? పైగా ఏజెన్సీ వైపు గొడవలు జరుగుతున్నాయి. పోలీసులంతా అటే ఉన్నారు. ఉన్నవాళ్లు ఉన్నదంతా దాచుకునే కాలంలో మేం వెళ్లి బయటపెట్టమని అడుగుతున్నాం.

చీపురుపల్లి దగ్గర ఒక రైతు ఇంటికి వెళ్లాం. ఆ ఇంటి కోడలి మెడలో వెండి కంటె ఉంది. అరిగి అరిగి వెన్నలా మెరుస్తోంది. కూర్మారావు గారు అది కొన్నాళ్లు ఇప్పించమని అడిగారు. ఆ అమ్మాయి వెంటనే, "బోసి మెడతోటి నాను గొడ్ల సాలలోకి కూడా ఎల్లను. మరి ఊళ్లో తిరగొద్దేటి?" అంది.

ఆయన "సరేనమ్మా" అని మజ్జిగ తాగి లేచారు. గుమ్మం దాటుతుంటే ఆ అమ్మాయి అత్తగారు వెనక నుంచి కేకేసింది. "అడిగీసి ఊరుకున్నావేటి బాబూ? ఇంకోపాలి అడగకూడదేటి?"

"ఒకసారి కాదన్నాక మళ్లీ అడిగితే బలవంతం అవుతుంది కదమ్మా."

ఆవిడ కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసింది. లోపలికి వెళ్లి, తన పెళ్లినాటి కంటె పాత చీరముక్కలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆడపిల్లకి ఇస్తన్నాను. జాగర్త" అంది.

ఆ రోజు నుంచి పదవీ విరమణ దాకా నేనూ ఎవరినీ రెండోసారి అడగలేదు. దానివల్ల కొన్ని మంచి వస్తువులు పోయాయి. ఆ ఇళ్లలోకి మళ్లీ వెళ్లే మొహం మాత్రం నాకు మిగిలింది.

లక్క వాసన

నాగావళి ఒడ్డున ఒక పాత బంగళా హాలు మాకిచ్చారు. నగలను ఏ ఇంటివి ఆ ఇంటివిగా పెట్టడం అప్పట్లో ఆనవాయితీ. కూర్మారావు గారు దాన్ని మార్చేశారు. తల నుంచి పాదం దాకా పెట్టాలన్నారు. మొదటి అద్దాల పెట్టెలో తల నగలు, తర్వాత చెవులవి, ముక్కువి, మెడవి, చేతులవి, నడుమువి, చివరికి కాలి నగలు. ఆ వరుసలో జమీందారు ఇంటి కాసులపేరు పక్కన చీపురుపల్లి అత్తగారి వెండి కంటె వచ్చింది. ఎంత బాగుందో! బంగారం పసుపుదనం వెండి పక్కన పెడితేనే తెలుస్తుంది.

పెట్టెల్లో బల్బులు పెట్టించాలన్న ఆలోచన కూడా ఆయనదే. అందులో పొరపాటు జరిగింది. పాత బంగారు నగలు చాలావరకు లోపల బోలుగా ఉంటాయి. నొక్కుకుపోకుండా, రాళ్లు నిలవడానికి లోపల లక్క నింపుతారు. బల్బులు వెలిగించి చూసిన రోజు మధ్యాహ్నానికి హాల్లో తియ్యని మాడు వాసన. ఆయనా నేనూ ఒకేసారి ముక్కులెగరేశాం. నడుము నగల పెట్టెలో ఉన్న వడ్డాణంలో ఒక కెంపు పక్కకు ఒరిగి ఉంది. వేడికి లక్క మెత్తబడిపోయింది.

కూర్మారావు గారు వెంటనే తీగలు పీకించేశారు. ఒరిగిన రాయి కంసాలి చేత సరిచేయించడం తేలిక. ఎవరికీ తెలిసేది కాదు. ఆయన అలా చేయలేదు. వడ్డాణం అలాగే పెట్టెలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఎండలోనే దాని యజమాని దుకాణానికి వెళ్లారు. ఆ యజమాని బజార్లో పెద్ద కిరాణా వర్తకుడు. కూర్మారావు గారు నిలబడే జరిగింది చెప్పారు.

షావుకారు వడ్డాణం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీరు సెప్పకపోతే మాకేటి తెలుస్తాది బాబూ?"

"అందుకే చెప్పడానికి వచ్చాను."

షావుకారు తన కంసాలినే పిలిపించి ఎదురుగా రాయి నిలబెట్టించాడు. వడ్డాణం తిరిగి మా చేతికిచ్చాక లోపలికి వెళ్లి, వాళ్లమ్మ వెండి తాంబూలపు పెట్టె కూడా తెచ్చిచ్చాడు. నెమలి ఆకారంలో ఉండేది. తోకలో వక్కలు, కడుపులో ఆకులు, ముక్కులో సున్నం. మేం దాన్ని అంతకు ముందు అడిగి లేదనిపించుకున్నాం.

బల్బులు లేకుండా ఎలా అన్న దిగులు తర్వాత తీరింది. నది వైపు కిటికీలు తెరిచి, ఎదురుగోడకు అద్దాలు వేలాడదీశాం. నీటి మీద నుంచి వచ్చిన వెలుతురు అద్దాల్లో పడి నగల మీద కదిలేది. బల్బు కింద రాయిలా పడున్న కెంపు ఆ వెలుతురులో కళ్లు తెరిచినట్టుండేది. పాత నగలు పగటి వెలుగుకీ నూనె దీపానికీ చేసినవి. కరెంటు వాటికి తెలియదు.

పైడిరత్నం గారి షరతు

ప్రదర్శనకు తలమానికం అనదగ్గ నగ వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దగ్గర్లోని ఒక ఊళ్లో దొరికింది. దాని యజమానురాలు పైడిరత్నం గారు. చిన్నతనంలో గుడిలో ఆడిన మనిషి. జమీందార్ల ఇళ్లలో పెళ్లిళ్లకు కూడా మేళంతో వెళ్లి ఆడేదట. గుళ్లలో ఆ ఆటలు చట్టంతో ఆగిపోయి చాలా ఏళ్లయింది. మేం వెళ్లేసరికి ఆవిడ వాకిట్లో పెసలు చెరుగుతోంది. జుట్టంతా ముగ్గుబుట్ట. నడుం మాత్రం నిటారుగా ఉంది.

ఆవిడ చూపించింది జడనాగరం. తల వెనక పడగ విప్పిన పాము, పైన సూర్యచంద్రులు, కిందికి జడ పొడుగునా ఒకదాని కంటే ఒకటి చిన్నదవుతూ దిగే కెంపుల బిళ్లలు, చివర మూడు బంగారు కుప్పెలు. చేత్తో ఎత్తితే పాములాగే వంగింది. ఒక్క కీలు ఎక్కడా పట్టేయలేదు.

కూర్మారావు గారు దాన్ని వెనక్కి తిప్పారు. జుట్టుకు ఆనుకునే వైపు, ఎవరికీ కనపడని వైపు, ప్రతి బిళ్ల మీదా ఒక చిలక చెక్కి ఉంది. ఏ రెండు చిలకలూ ఒకలా లేవు. ఒకటి తల తిప్పి చూస్తోంది, ఒకటి కాయ కొరుకుతోంది, ఒకటి నిద్రపోతోంది.

"కనపడని వైపు ఇంత పనెందుకమ్మా?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "ముందేపు సూసీవోలికి. ఎనకేపు ఏసుకునీదానికి."

ఇవ్వడానికి ఆవిడ పెద్దగా ఆలోచించలేదు. రెండే మాటలంది. "దీన్ని ఒంటిగా ఒగ్గీయను. రోజూ వచ్చి దాని కాడ కూకుంటాను. ఇంకోటి, నా పేరు రాయాల. దేముడికి పేరున్నాది, ఊరికి పేరున్నాది. నాకేటి లేదా?"

"రాస్తాం" అన్నారు కూర్మారావు గారు.

ఖాళీ జాగా

ప్రారంభానికి ముందు రోజు గొడవ వచ్చింది. మాకు ఎక్కువ నగలిచ్చింది ఒక పాత జమీందారీ కుటుంబం. ఊరూ పేరూ ఇక్కడ అనవసరం. పాపిడి బొట్టు, జడ మొదట్లో పెట్టే రాగిడి, తలపాగా మీది కలికితురాయి, దంతపు పిడి విసనకర్ర, ఇలా హాల్లో జనం చూడాలనుకునేవన్నీ వాళ్లవే. ఆ ఇంటి మనవడిని అందరూ చిన్నదొర అనేవారు. పద్ధతి తెలిసిన కుర్రవాడే. ఏర్పాట్లు చూడటానికి వచ్చి మొదటి పెట్టె దగ్గర ఆగిపోయాడు. వాళ్ల నాయనమ్మ రాగిడి పక్కనే జడనాగరం ఉంది. కింద చీటీ మీద "పైడిరత్నం గారిది, నాట్య కళాకారిణి" అని ఉంది.

"ఇది మా ఇంట్లోంచి వెళ్లిన సొమ్ము. మా ముత్తవ్వ ఇచ్చింది. మా సంస్థానం కానుక అని రాయండి. ఆవిడ పేరు తీసేయండి" అన్నాడు.

"ఇచ్చిందంటున్నారు కదా బాబూ. ఇచ్చేశాక అది ఆవిడదే" అన్నారు కూర్మారావు గారు.

"అయితే వేరే పెట్టెలో పెట్టండి. మా నాయనమ్మ నగల పక్కన మేళగత్తె నగ పెడితే చుట్టాలు నవ్వుతారు."

"తల నగలన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి."

చిన్నదొర మొహం ఎర్రబడింది. తమ నగలన్నీ వెనక్కి తీసుకుపోతానన్నాడు. పైడిరత్నం గారు అక్కడే బల్ల మీద కూర్చుని ఉంది. అంతా వింది. లేచి వచ్చి, "నావల్ల మీ పని సెడిపోకూడదు బాబూ. నా సొమ్ము నాకిచ్చీండి, మద్దేనం బస్సుకి ఎల్లిపోతాను" అంది.

ఆ మాటకు నేను లోలోపల ఊరట పడ్డాను. మర్నాడు పొద్దున్నే పెద్ద అధికారులు వస్తున్నారు. ఊరంతా ఆ జమీందారీ నగల గురించే చెప్పుకుంటోంది. కూర్మారావు గారికి పైవాళ్ల దగ్గర ఎలాగూ మంచి పేరు లేదు.

ఆయన ఆవిడతో, "మీకు మాటిచ్చాను. మీరు వెళ్తే నేను హాలుకి తాళం వేసుకుంటాను" అన్నారు. తర్వాత చిన్నదొర ఇంటి వస్తువులన్నీ ఒక్కొక్కటే స్వయంగా తుడిచి, దూదిలో పెట్టి, ఆ కుర్రవాడి చేతికి అందించారు. ఒక్క పరుషమైన మాట అనలేదు.

సర్దుబాటు చేసి ఖాళీలు పూడ్చనా అని అడిగాను. "వద్దమ్మాయ్. ఉన్నది ఉన్నట్టే కనపడనీ" అన్నారు. మర్నాడు ప్రదర్శన అలాగే తెరిచాం. మొదటి పెట్టెలో జడనాగరం పక్కన ఉత్త ముఖమల్ గుడ్డ. వచ్చిన పెద్ద అధికారి ఆ ఖాళీని చూసి, కూర్మారావు గారిని చూసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ట్రంకాల్ వచ్చింది. ఆయన ఫోను చెవికి దూరంగా పట్టుకుని విన్నారు.

ఆడవాళ్ల పూట

వారంలో ఒక పూట ఆడవాళ్లకే అని పెట్టాం. ఆ పూట మగవాళ్లెవరూ లోపలికి రాకూడదు. కూర్మారావు గారు కూడా బయట అరుగు మీదే కూర్చునేవారు. హాలంతా నా చేతిలో ఉండేది. ఆ పూట చూడాలి! రోజూ గుసగుసగా నడిచే హాలు సంతలా మారిపోయేది. "ఒసే, ఇలాటిదే మా పెద్దమ్మకుండీది", "ఒలే, ఇది ముక్కుకెట్టుకుంటే మూతి కనబడతాదేటి?" అని ఒకటే నవ్వులు.

ఒక ఆడవాళ్ల పూటకు కిటికీలకు తెరలు కట్టిన కారొకటి వచ్చింది. దిగింది చిన్నదొర నాయనమ్మ, సుభద్రాయమ్మ గారు. తెల్లటి సిల్కు చీర తల మీదుగా కప్పుకుని, ఒక పనిమనిషి భుజం పట్టుకుని వచ్చారు. హాలు మాటుమణిగిపోయింది. ఆవిడ సూటిగా మొదటి పెట్టె దగ్గరికి వెళ్లారు.

"మావి ఎక్కడ పెట్టారమ్మా?"

మనవడు ఆవిడతో చెప్పలేదని అర్థమైంది. నేను తలుపు వైపు చూశాను. కూర్మారావు గారు లోపలికి రావడానికి లేదు. మరమ్మతుకు తీశామనో, ఇంకో గదిలో ఉన్నాయనో అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. వడ్డాణం పట్టుకుని షావుకారు ముందు నిలబడిన మా అధికారి గుర్తొచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాను. మేళగత్తె అన్న మాట మాత్రం నోట రాలేదు. "ఈవిడ నగ పక్కన ఉండకూడదని తీసుకెళ్లారండి" అన్నాను.

సుభద్రాయమ్మ గారు చాలాసేపు జడనాగరం వైపు చూశారు. "ఈవిడ వస్తుందా ఇక్కడికి?"

పైడిరత్నం గారు బల్ల మీంచి లేచి నిలబడింది. దండం పెట్టింది.

"నా పెళ్లికి ఆడింది నువ్వే కదూ?"

"నానేనమ్మా."

"నన్ను మేడ మీద తెర వెనకాల కూర్చోబెట్టారు. మగపెళ్లివారంతా నీకు ఎదురుగా ఉన్నారు. తెర సందులోంచి నాకు నీ వీపే కనపడింది. ఆ సాయంత్రమంతా ఈ నాగరాన్నే చూస్తూ కూర్చున్నాను. అది ఎటు కదిలితే నా తల అటు కదిలేది." ఆవిడ ఒక అడుగు దగ్గరికి వచ్చారు. "మొహం ఇవాళే చూస్తున్నాను."

పైడిరత్నం గారు కళ్లు తుడుచుకుని, "ఆ రోజు బాగా ఆడేనా అమ్మా?" అంది.

"అలాంటిది మళ్లీ చూడలేదు" అన్నారు సుభద్రాయమ్మ గారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది మా అత్తగారిదని అంటారు. ఆవిడ జడకి నేనెప్పుడూ చూడలేదమ్మా. నేను చూసేసరికే ఇది ఈవిడది" అన్నారు.

ఇద్దరూ ఆ బల్ల మీదే పక్కపక్కన కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినకూడదనిపించి, మిగతా ఆడవాళ్లను కాలి నగల వైపు తీసుకెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున చిన్నదొర తనే పెట్టె మోసుకుని వచ్చాడు. కూర్మారావు గారు ఏమీ జరగనట్టే ఎదురెళ్లి అందుకున్నారు. ఆ కుర్రవాడు పైడిరత్నం గారి ముందుకు వెళ్లి, ఎటు చూడాలో తెలియక చేతులు జోడించాడు. ఆవిడ కాస్త పక్కకు జరిగి, "కూకో బాబూ. మీ నాయనమ్మ రేతిరి బాగా నిద్దరోయిందా?" అంది. అతను కూర్చున్నాడు. లేచి వెళ్లేముందు నాతో, "చీటీ మీద సంస్థానం అని వద్దంది మా నాయనమ్మ. తన పేరు రాయమంది. సుభద్రాయమ్మ అని, అంతే" అన్నాడు.

కొత్త చీటీ నేనే రాశాను. సుభద్రాయమ్మ గారు మళ్లీ ఒకసారి, నగల కోసం కాక ఆ చీటీ కోసమే వచ్చారని నా అనుమానం. దాని ముందు నిలబడి, అక్షరం అక్షరం పెదవులతో చదువుకున్నారు.

సర్దే రోజు

ప్రదర్శన ముగిశాక ఆ జడనాగరాన్ని మ్యూజియానికి ఇప్పిస్తారా అని కూర్మారావు గారు పైడిరత్నం గారిని అడిగారు. ఒక్కసారే అడిగారు. ఆవిడ, "ఇయ్యను బాబూ. నాకు మనవరాలున్నాది" అంది. ఆయన సంతోషంగానే తలూపారు. ఊళ్లో ఉన్న మంచి వస్తువులన్నీ మన అద్దాల్లోకి రావాలని కొత్తలో అనిపిస్తుంది. నాకూ అనిపించేది. మనుషుల దగ్గర బతుకుతున్నదాన్ని అక్కడే బతకనివ్వడం కూడా మన ఉద్యోగంలో భాగమేనని ఇప్పుడంటాను.

హాల్లో గడ్డి, దూది, చెక్కపెట్టెలు పరిచి ఉన్నాయి. నేను జడనాగరాన్ని దూదిలో పెట్టబోతుంటే ఆవిడ ఆపింది.

"ఇన్నాళ్లూ దీన్ని తుడిసేవు, రాసేవు, అందరికీ సెప్పేవు. ఏసుకుంటే ఎలగుంటాదో నీకు తెలుసేటి?"

మ్యూజియం ఉద్యోగి ఏ నగనూ ఒంటి మీద పెట్టుకోకూడదు. అది రాసి ఉన్న నియమం, మంచి నియమం. ఆ మాటే ఆవిడతో అన్నాను. "నాది నాను పెడతన్నాను. మీ రూలుకేటి నొప్పి?" అని నన్ను బల్ల మీద కూర్చోబెట్టి జడ విప్పింది. ఆ వేళ్లకు ఎంత నేర్పు! చిక్కు తీసినట్టే తెలియలేదు. బిగించి అల్లుతూ ఒక్కో బిళ్లా ఎక్కించింది. తలుపు దగ్గర కూర్మారావు గారు కనపడ్డారు. నేను గతుక్కుమన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, వెనక్కి తిరిగి, అప్పటికే కట్టి ఉన్న పెట్టెకు మళ్లీ తాడు కట్టడం మొదలుపెట్టారు.

"లెగు. నడువు" అంది పైడిరత్నం గారు.

లేచాను. మెడ వెనక ఎవరో అరచెయ్యి వేసి పట్టుకున్నట్టుంది. నేల చూద్దామని తల వంచబోతే ఆ బరువు వెనక్కి లాగింది. గడ్డం తనంతట తానే పైకి లేచింది. ఆవిడ బల్ల మీద వేళ్లతో తాళం వేయసాగింది. నేను ఆ పొడుగాటి హాల్లో, ఖాళీ అద్దాల పెట్టెల మధ్య ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. వెనక కుప్పెలు నడుముకు తగిలి మెల్లగా మోగుతున్నాయి. కిటికీల్లోంచి నది వెలుతురు పడుతోంది. ఎన్ని పుస్తకాలు చదివీ, ఎన్ని నగలకు కొలతలు తీసీ, అవి వేసుకున్న మనిషి ఎలా నడుస్తుందో అంతవరకూ నాకు తెలియలేదు.

తిరిగి వచ్చి ఆవిడ ముందు వీపు పెట్టి నిలబడ్డాను, తీసేస్తుందని. ఆవిడ తీయలేదు. నా జడ ఒక్కసారి నిమిరింది.

"కాసేపుంచుకోమ్మా" అంది. "బస్సుకింకా ఏళున్నాది."

ఆవిడ పక్కన కూర్చున్నాను.